ఒడ్డుకు టికెట్టు లేదు

ఏన్కూరు నుంచి ఎటు పోయినా సముద్రం దూరమే. తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే రోడ్డు మీదుంటుంది ఈ మండల కేంద్రం. చుట్టూ మిర్చి, పత్తి చేలు, వాటి వెనక కనకగిరి గుట్టల అడవి. ఇక్కడివాళ్ళకు నీళ్ళంటే కుంట, వాగు, బోరు, కాలువ. పెద్ద నీళ్ళు చూడాలంటే వైరా రిజర్వాయరు కట్ట ఎక్కాలి, లేదంటే పాల్వంచ దాటి కిన్నెరసానికి పోవాలి. అంతకన్నా పెద్దవి కావాలంటే భద్రాచలం గోదారి. సముద్రం మాత్రం, చేతిలో నాలుగు డబ్బులు ఆడిన ఏడాది ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళి చూసొచ్చేది.

మిర్చి డబ్బు చేతికి రావడమూ, పిల్లల పరీక్షలు అయిపోవడమూ ఇంచుమించు ఒకేసారి జరుగుతాయి. ఖమ్మం మార్కెట్లో తేజ రకానికి మంచి రేటు పలికిందంటే ఇంట్లో వైజాగ్ మాట లేస్తుంది. నిజానికి బందరు దగ్గరి మంగినపూడి, బాపట్ల దగ్గరి సూర్యలంక అంతకన్నా దగ్గర. అయినా మనసు వైజాగ్ మీదే. అక్కడ సముద్రాన్ని ఆనుకుని ఊరుంది, ఊరిని ఆనుకుని కొండలున్నాయి. సింహాచలం మొక్కు తీరుతుంది, పిల్లలకు జలాంతర్గామి చూపించినట్టూ ఉంటుంది.

ఖమ్మంలో రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి వైజాగ్‌లో దిగొచ్చు. 1974 నుంచి నడుస్తున్న ఆ బండికి 2023 జనవరిలో వందే భారత్ తోడొచ్చింది. అదీ ఖమ్మంలో ఆగుతుంది, కానీ వైజాగ్ చేరేది రాత్రి పొద్దుపోయాక. వేగం సంగతెలా ఉన్నా సముద్రం చూడబోయేవాళ్ళకు పాత బండే మేలు. సరిగ్గా చూడాల్సిన వేళకు దించుతుంది.

దిగినవాళ్ళు ఆ వేళను కాస్తా లాడ్జి గది బేరంలో పోగొట్టుకుంటారు. స్నానాలు, టిఫిన్లు, సింహాచలం, భోజనం, ఒక కునుకు అన్నీ అయ్యాక సాయంత్రం ఊరంతటితో కలిసి రామకృష్ణా బీచ్‌కు చేరి, సూర్యుడు నీళ్ళలో మునుగుతాడని ఎదురుచూస్తారు. మునగడు. బంగాళాఖాతం తూర్పున ఉంది. వైజాగ్‌లో పొద్దు పుట్టేది సముద్రంలో, వాలేది కొండల వెనక. సినిమాల్లో చూసిన అస్తమయాలు అరేబియా సముద్రానివి, వాటిని ఇక్కడ వెతికి లాభం లేదు. సాయంత్రం బీచ్‌లో దొరికేవి చల్లగాలి, మురీ మిక్చర్, జనం. అవి తక్కువవని కాదు. మరమరాల్లో ఉల్లిపాయ, పల్లీలు, కారం, నిమ్మరసం వేసి డబ్బాలో గలగలలాడించి కాగితం పొట్లంలో పోసిచ్చే ఆ మిక్చర్ కోసమే అంతదూరం పోయినా తప్పు లేదు. అయినా అసలు బీచ్ పొద్దున్నే ఉంటుంది.

పొద్దున నడిచేవాళ్ళ కోసం బీచ్ రోడ్డు మీద కొంతసేపు వాహనాలను ఆపేస్తారు. అంత వెడల్పు రోడ్డు మీద హారన్ మోత లేకుండా ముసలివాళ్ళు, పిల్లలు, స్కేటింగ్ నేర్చుకునేవాళ్ళు తిరుగుతుంటారు. అదృష్టం బాగుంటే ఇసుకలో అలివి వల లాగడం కనబడుతుంది. పడవ మీద పోయి వలను అర్ధచంద్రాకారంగా సముద్రంలో వదిలి, దాని రెండు తాళ్ళ కొసలనూ ఒడ్డుకు తెస్తారు. ఒక్కో తాడుకు ఒక్కో గుంపు. మడమలు ఇసుకలో గుచ్చుకుని, వెనక్కి వాలి, ఒక్కో అడుగే వేస్తూ లాగుతారు. వెనక చివరన ఉన్నవాడు తాడు వదిలి ముందుకొచ్చి నీళ్ళ దగ్గర మళ్ళీ పట్టుకుంటాడు. రెండు గుంపులూ లాగే కొద్దీ దగ్గరవుతాయి. చివరికి సంచి ఒడ్డెక్కుతుంది. నెత్తళ్ళు, కవ్వళ్ళు తళతళమంటూ ఎగురుతాయి. జెల్లీ చేపలను ఏరి అవతల పారేస్తారు. ఒక్కోసారి అంత చాకిరీకి గంపెడు చేపలైనా పడవు. ఎవరూ ఏమీ అనరు, వల మడతపెట్టుకుంటారు. చుట్టూ మూగిన టూరిస్టులే నిరాశపడతారు. ఊరి చెరువులో బొచ్చెలు, రోహులు బుట్టలకొద్దీ పట్టడం చూసిన ఏన్కూరు మనిషికి ఇది కొంచెం వింతగానే ఉంటుంది. చెరువులో చేపపిల్లను మనమే వదులుతాం కాబట్టి లెక్క తెలుసు. సముద్రం ఎవరికీ లెక్క చెప్పదు.

వేసవిలో వచ్చేవాళ్ళకు ఇంకో సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. కాబట్టి మే నెలలో ఫిషింగ్ హార్బర్‌కు వెళ్తే బోట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. రంగులు వేస్తూ, వలలు కుడుతూ, ఇంజన్లు విప్పుతూ జనం కనబడతారు. వంజరం, చందువ అడిగితే రేటు చూసి నోరు తెరవాల్సిందే. మిర్చి అమ్ముకుని వచ్చేవాళ్ళకు సముద్రం ఎప్పుడూ సెలవులోనే కనబడుతుందన్నమాట. డిసెంబరు, జనవరి నెలల్లో వచ్చినవాళ్ళకు గాలీ హాయిగా ఉంటుంది, హార్బర్‌లో వేలం పాటా వినబడుతుంది.

మన పెద్దవాళ్ళు సముద్రస్నానానికి రోజులు పెట్టారు. మాఘ పున్నమికో కార్తీక పున్నమికో తప్ప ఊరికే సముద్రాన్ని తాకకూడదన్న నమ్మకం ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఉంది. శివరాత్రి జాగరణ చేసి మర్నాడు పొద్దున్నే వేలమంది వైజాగ్ తీరంలో మునగడం ఆ బాపతే. సరదాకు సముద్రంలో దిగడమన్నది ఎక్కడైనా కొత్త అలవాటే. ఇంగ్లండ్‌లో సైతం 1750ల్లో రిచర్డ్ రస్సెల్ అనే డాక్టరు సముద్రపు నీటిని మందుగా చెప్పాకే బ్రైటన్ తీరానికి జనం బారులు కట్టారు. ముందు రోగులు దిగారు, వాళ్ళ వెనక షికారుకొచ్చినవాళ్ళు దిగారు. సముద్రానికి రోజులు పెట్టిన పెద్దవాళ్ళకు దాని లోతు గురించి తెలిసింది తక్కువ కావచ్చు గానీ, దాని లాగుడు మాత్రం బాగానే తెలిసినట్టుంది.

లాగుడు దగ్గరే చెరువు మనిషి దెబ్బతింటాడు. కుంటలో, కాలువలో ఈత నేర్చినవాడికి నీళ్ళ ప్రమాదమంటే లోతే. ఎక్కడ దిగితే కాళ్ళు అందవో తెలిస్తే చాలనుకుంటాడు. సముద్రంలో మోకాలి లోతులో నిలబడ్డవాణ్ణి కూడా ఇసుక కాళ్ళ కింద నుంచి జారిపోయి పడేస్తుంది. అలలు తెచ్చి ఒడ్డున పోసిన నీళ్ళు తిరిగి వెనక్కి పోవాలి కదా. నీటి అడుగున ఇసుక దిబ్బల మధ్య సందు ఎక్కడ దొరికితే అక్కడి నుంచి అవి పాయగా, జోరుగా బయటికి పోతాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. పైకి చూస్తే ఆ చోట అలలు విరగవు. చుట్టూ తెల్లటి నురగ ఉంటే అక్కడ మాత్రం నీళ్ళు నల్లగా, నెమ్మదిగా ఉన్నట్టు కనబడతాయి. అలలకు జంకినవాళ్ళు ఇదే మంచి చోటని సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో పడ్డవాడు ఒడ్డు వైపు ఈదితే అలసిపోతాడు. తీరం వెంబడి పక్కకు ఈదితే, ఆ పాయ వెడల్పు ఎక్కువుండదు కాబట్టి బయటపడతాడు. ఈ ముక్క పాఠ్యపుస్తకంలో ఒక బొమ్మతో సహా ఉండాల్సింది.

రుషికొండలో, రామకృష్ణా బీచ్‌లో ఈల నోట్లో పెట్టుకుని తిరిగే లైఫ్‌గార్డులు ఎక్కువగా జాలరి పేటల కుర్రాళ్ళే. రోజంతా వాళ్ళ పని జనాన్ని వెనక్కి పిలవడం. "అమ్మా, చాలమ్మా, వెనక్కి రండమ్మా" అని అరుస్తుంటారు. "ఇంకో రెండడుగులు పోతే ఏమైద్ది బాబూ, ఇంత దూరం వచ్చినం" అని చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకున్న ఖమ్మం జిల్లా అమ్మ. "అక్కడ లాగేస్తాదమ్మా" అంటాడు ఆ అబ్బాయి. ఎందుకు లాగుతుందో అతనికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆమెకు చెప్పినవాళ్ళు లేరు.

ఇక్కడ తెలంగాణ వాళ్ళు కాస్త గర్వపడాల్సిన సంగతొకటి ఉంది. దేశంలోని తీరాలన్నిటికీ అలల ఎత్తు, ఉప్పెన, సునామీ హెచ్చరికలు ఇచ్చే సంస్థ ఇన్‌కాయిస్ ఏ తీరంలోనూ లేదు, హైదరాబాద్‌లో ఉంది. 1999లో పెట్టారు. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి అక్కడ సునామీ హెచ్చరికల కేంద్రం కూడా రాత్రింబవళ్ళు పనిచేస్తోంది. సముద్రం లేని రాష్ట్రంలో కూర్చుని ఈ రోజు వేటకు పోవచ్చో లేదో విశాఖ జాలరికి చెబుతున్నారు. అదే రాష్ట్రం నుంచి వచ్చిన టూరిస్టు మాత్రం ఫోనులో వాతావరణం చూడకుండా నీళ్ళలోకి దిగుతాడు.

కాళ్ళ కింది ఇసుకకూ ఒక కథ ఉంది. వైజాగ్‌లో పరిచి ఉన్నదంతా సముద్రం తనంతట తాను తెచ్చిపోసింది కాదు. ఈ తీరం వెంట ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1933లో ఓడరేవు తెరిచారు. రేవు ముఖం పూడిపోకుండా అలలకు అడ్డుగా రెండు పాత ఓడలను ముంచి గోడలాగా నిలబెట్టారు. తర్వాత బయటి హార్బరు కట్టలూ వచ్చాయి. నడిచే ఇసుకకు దారి మూసుకుపోయింది. దక్షిణాన పోగుపడుతుంది, ఉత్తరాన ఉన్న బీచ్ కోసుకుపోతుంది. అందుకే పోర్టువాళ్ళు అడ్డుపడిన ఇసుకను డ్రెడ్జర్లతో తోడి, గొట్టాల్లో తెచ్చి, రామకృష్ణా బీచ్ వైపు పోస్తుంటారు. పిల్లలు గుళ్ళు కట్టుకునే ఇసుకలో కొంత అలా యంత్రం మోసుకొచ్చిందే. సహజమైన తీరం అని ఫోటో కింద రాసుకునేవాళ్ళు ఆ గొట్టాన్ని కూడా ఒకసారి చూసొస్తే బాగుంటుంది.

ఆ ఇసుక మీదే కురుసుర ఉంది. సోవియట్ రష్యాలో కట్టిన ఈ జలాంతర్గామి 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధకాలంలో పనిచేసింది, 2001 ఫిబ్రవరిలో రిటైరయింది. ఇసుక మీదికి లాగి నిలబెట్టి 2002లో మ్యూజియం చేశారు. 91 మీటర్ల పొడవు. లోపల గుండ్రటి ద్వారాల్లోంచి వంగి, కాలెత్తి దాటుతూ పోవాలి. టార్పెడోల పక్కనే మంచాలు, వాటి పక్కనే గొట్టాలు, మీటర్లు. అగ్గిపెట్టెంత వంటగదిలో డెబ్బై మందికి పైగా వండిపెట్టారంటే ఇంటి ఆడవాళ్ళు అక్కడ ఆగి మరీ చూస్తారు. వివరాలు చెప్పేవాళ్ళలో నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్ళు ఉంటారు. టికెట్టు పెట్టి చూసే వాటిలో వైజాగ్‌లో దీనికి సాటి వచ్చేది లేదు. ఎదురుగా 2017లో తెరిచిన టీయూ-142 విమానం మ్యూజియమూ ఉంది. పిల్లలకు నచ్చుతుంది, పెద్దవాళ్ళు అప్పటికే అలసిపోయి ఉంటారు.

టికెట్ల మాట వచ్చింది కాబట్టి ఒక పక్క కథ. 2024 ఫిబ్రవరి 25న కురుసుర దగ్గరి తీరంలో తేలే వంతెన ప్రారంభించారు. ఖర్చు సుమారు కోటీ అరవై లక్షలు. సముద్రం మీద నడిచి పోయి అలల ఊపు తెలుసుకోవచ్చన్నారు. మర్నాడే దాని కొస భాగం విడిపోయి నీళ్ళ మీద తేలుతూ కనబడింది. అలల జోరుకు కావాలనే విడదీసి పరీక్షించామని అధికారులు చెప్పారు. ఎవరు నమ్మినా నమ్మకపోయినా ఊరంతా నవ్వుకుంది. ఆ రోజు ఒడ్డున ఊరికే కూర్చుని చూసినవాళ్ళకే ఎక్కువ వినోదం దక్కింది, అదీ పైసా ఖర్చు లేకుండా.

రుషికొండది ఇంకో తీరు. 2020 అక్టోబరులో దేశంలో మొదటిసారి ఎనిమిది బీచ్‌లకు బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వస్తే అందులో రుషికొండ ఒకటి. ఫ్రాన్స్‌లో 1985లో మొదలైన ఈ జెండాను నీటి శుభ్రత, మరుగుదొడ్లు, లైఫ్‌గార్డులు, వికలాంగులకు దారి, చెత్త ఎత్తడం లాంటి 33 ప్రమాణాలు చూసి ఇస్తారు. 2025 మొదట్లో నిర్వహణ సరిగా లేదని తాత్కాలికంగా తీసేశారు, సరిదిద్దాక మళ్ళీ ఇచ్చారు. ఇచ్చి తీసుకునే జెండా కావడమే దాని మేలు. శిలాఫలకం అయితే ఎవరూ తీయరు. మధ్యలో 2023లో ఆ బీచ్‌లో అడుగుపెట్టడానికి మనిషికి 20 రూపాయలు వసూలు చేస్తామన్నారు. సముద్రం చూడ్డానికి టికెట్టేమిటని గొడవ లేచింది, వసూలు ఆలోచన వెనక్కి పోయింది.

ఆ గొడవ న్యాయమైనదే. మరుగుదొడ్డికి, బట్టలు మార్చుకునే గదికి, జెట్‌స్కీకి, స్కూబాకు డబ్బు తీసుకోవడం వేరు. అవి వాడుకున్నవాడు ఇస్తాడు. అయిదుగురున్న కుటుంబం గట్టు మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిని నీళ్ళు చూడ్డానికి వంద రూపాయలంటే అది గేటు కట్టడమే. తీరనగరంలో వినోదం పేరుతో కొత్తవి ఎన్ని వచ్చినా, కైలాసగిరి రోప్‌వే నుంచి బీచ్ రోడ్డు మీది డబుల్ డెక్కర్ బస్సు దాకా, వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఎక్కువసేపు చేసే పని ఒడ్డున కూర్చోవడమే. భీమిలి దాకా పోయే రోడ్డు వెంట ఏ మలుపు దగ్గర ఆగినా ఆ పని చేసుకోవచ్చు. తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు రెండు వేల ఏళ్ళ కింద విహారం కట్టుకుంది కూడా సముద్రం కనబడే చోటే.

నీళ్ళ మీద తిరగడానికి ఖమ్మం, కొత్తగూడెం వాళ్ళకు వైజాగ్ కన్నా దగ్గరున్నవి గోదావరి మీది పాపికొండలు. అక్కడే 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగింది. వరద గోదావరిలో 77 మందితో బయల్దేరింది. 26 మంది బతికారు, 51 మంది పోయారు. బతికినవాళ్ళలో చాలామందిని గట్టు మీది గిరిజన గ్రామస్థులు పడవలేసుకుని వచ్చి తీశారు. బోటును నెల దాటాక కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం బయటికి లాగింది. అప్పటి నుంచి కంట్రోల్ రూములు, లైఫ్ జాకెట్లు, వరద మట్టం చూసి బోట్లు ఆపడం వచ్చాయి. అంతకుముందు ఆ నియమాల్లో చాలావరకు కాగితం మీద ఉన్నవే. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారని మన జిల్లాలో చిన్నపిల్లవాడికీ తెలుసు. 2022 జులైలో 71 అడుగులు దాటడం చూశారు. ఆ జ్ఞానం బోటు ఎక్కేటప్పుడు ఎందుకో ఒడ్డునే ఉండిపోతుంది.

ఇప్పుడు ఏన్కూరుకే కొత్త ఒడ్డు వచ్చింది. సీతారామ ఎత్తిపోతల పథకంలో గోదావరి నీళ్ళను సాగర్ ఎడమ కాలువకూ వైరా రిజర్వాయరుకూ చేర్చడానికి ఏన్కూరు దగ్గర లింకు కాలువ తవ్వారు. పొలాలకు మంచిదే. సముద్రానికి పోవాల్సిన గోదారి ఇటు తిరిగిందని రైతులు సంబరపడ్డారు. నీళ్ళున్న చోటికి వేసవిలో పిల్లలు చేరతారు, అదీ ఖాయమే. సిమెంటు చేసిన కాలువ వాగులాంటిది కాదు. రెండు పక్కలా వాలు గోడలే. పాచి పట్టిందంటే కాలు నిలవదు, పట్టుకోవడానికి వేరూ ఉండదు, చెట్టుకొమ్మా ఉండదు. ఈతొచ్చినవాడు కూడా ఎక్కలేక కొట్టుకుపోతాడు.

వైరా కట్ట మీద, ఖమ్మంలోని లకారం చెరువు చుట్టూ, పెనుబల్లి మండలం పులిగుండాల దగ్గర పర్యాటకం పెంచాలన్న మాటలు తరచూ వినబడుతున్నాయి. బోట్లు, తీగల వంతెనలు రానీ, తప్పు లేదు. లకారం మీద 2022లో వచ్చిన తీగల వంతెన చూడ్డానికి సాయంత్రం జనం బాగానే పోతున్నారు. కాకపోతే వైజాగ్‌లో ముందు నేర్చుకోవాల్సింది ఈల వేసే కుర్రవాడి దగ్గర. ఈత తెలిసిన ఇద్దరు కాపలా మనుషులు, గాలి నింపిన ట్యూబులు, పొడుగాటి తాడు, నీళ్ళ లోతు రాసిన బోర్డు, ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్డి, నీడలో నాలుగు బల్లలు. లింకు కాలువ మీద పిల్లలు దిగే చోట్లలో మెట్లు, పట్టుకోవడానికి ఇనుప గొలుసులు వేయాలి. వాటికయ్యే ఖర్చు ఒక్కరోజులో విడిపోయిన తేలే వంతెన ఖర్చు దరిదాపులకు రాదు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యేలోపు గొలుసులైనా పడాలి.